ఛార్లెస్ టీవీ కార్యక్రమం, హ్యూబర్ట్ ప్యారీ సంగీతం: రాజాదరణ వల్ల ఈ స్వరకర్తకు మేలు జరిగిందా?

నాదలోలుడు:

మిత్రులకు నమస్కారం. 2011 మే నెలలో బీబీసీ ఫోర్ ఛానెల్ 'ది ప్రిన్స్ అండ్ ద కంపోజర్' అనే డాక్యుమెంటరీని ప్రసారం చేసింది. జాన్ బ్రిడ్‌కట్ తీసిన ఆ చిత్రంలో, అప్పటికి వేల్స్ యువరాజుగా ఉన్న ఛార్లెస్, తనకెంతో ఇష్టమైన ఆంగ్ల స్వరకర్త సర్ హ్యూబర్ట్ ప్యారీ జీవితాన్ని వెదుక్కుంటూ బయలుదేరి, ప్యారీ వంశస్థులతోను, ఆయన రచనలను పరిశోధించినవారితోను, వాటిని పాడేవారితోను వాయించేవారితోను మాట్లాడతారు. ఇంగ్లండ్‌లో ప్యారీ పేరు చెబితే చాలామందికి 'జెరూసలెం' గీతం ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఆ దేశంలో జరిగే టెస్టు మ్యాచ్‌లను టీవీలో చూసే మన తెలుగువారు కూడా ఆ బాణీని వినే ఉంటారు, కట్టిందెవరో తెలియకపోయినా. ఐదు సింఫనీలు (పెద్ద వాద్యబృందం కోసం రాసే భారీ రచనలు), పియానో కాన్చెర్టో (పియానో ప్రధానంగా వాద్యబృందంతో కలిసి నడిచే రచన), డజన్ల కొద్దీ పాటలు, పెద్ద బృందగాన రచనలు చేసిన మనిషిని ఒక్క బాణీకి కుదించడం అన్యాయమన్నదే ఛార్లెస్ వాదన, నేను దానితో పూర్తిగా ఏకీభవిస్తాను.

ఛార్లెస్ సంగీతానికి బయటి మనిషి కారు. కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో కళాశాల వాద్యబృందంలో చెల్లో వాయించారు, ఆ తరువాత చాలా ఏళ్లు రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కు అధ్యక్షులుగా ఉన్నారు. ఆ కళాశాలకే ప్యారీ 1895 నుంచి 1918లో చనిపోయేదాకా డైరెక్టరుగా పనిచేశారు. అధికార హోదాలో ఉన్నవారు ఒక కళాకారుడిని ఇలా భుజాన వేసుకుని జనం ముందుకు తీసుకురావడం గురించి మీ అందరి అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

చరిత్రపుటలు:

నాదలోలుడు గారు మంచి విషయం ఎత్తుకున్నారు. ప్యారీ జీవితం తెలియకపోతే ఆ కార్యక్రమంలోని ఆర్తి పూర్తిగా అందదు కాబట్టి కొంత చెబుతాను. ఆయన 1848 ఫిబ్రవరి 27న బోర్న్‌మత్‌లో పుట్టారు. ఆయన పుట్టిన పన్నెండు రోజులకే తల్లి ఇసబెల్లా క్షయవ్యాధితో చనిపోయారు. తండ్రి టామస్ గాంబియర్ ప్యారీ గ్లాస్టర్‌షైర్‌లోని హైనమ్ కోర్ట్ అనే పెద్ద ఎస్టేటు యజమాని, చిత్రకారుడు, ఇటాలియన్ కళాఖండాలను సేకరించిన రసికుడు. ఇంగ్లండ్ తేమ గాలిలో గోడ మీద బొమ్మలు పెచ్చులూడిపోకుండా ఉండేందుకు ఆయన ఒక ప్రత్యేకమైన వర్ణలేపన పద్ధతిని కనిపెట్టి, భార్య స్మృతిలో కట్టించిన హైనమ్ చర్చి గోడలను తన చేత్తోనే చిత్రించారు. తల్లి ముఖం ఎరుగని బిడ్డ ఆమె జ్ఞాపకార్థం కట్టిన గుడిలో ఆర్గన్ వింటూ పెరిగాడన్నమాట.

అంతటి కళాహృదయం ఉన్న తండ్రే కొడుకు సంగీతాన్ని వృత్తిగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ కాలపు జమీందారీ కుటుంబాల్లో సంగీతం నేర్చుకోవడం పెద్దమనిషి లక్షణం, దానితో పొట్టపోసుకోవడం చిన్నతనం. ఈటన్ పాఠశాలలో ఉండగానే ఆక్స్‌ఫర్డ్ వారి సంగీత పట్టా పరీక్షలో నెగ్గిన కుర్రవాడు, చదువు ముగిశాక 1870 నుంచి ఏడేళ్లపాటు లండన్‌లోని లాయిడ్స్ బీమా సంస్థలో నౌకల బీమా లెక్కలు చూసుకుంటూ గడిపాడు. ఆ సంవత్సరాల్లోనే ఎడ్వర్డ్ డాన్‌రాయిటర్ అనే పియానో విద్వాంసుడి దగ్గర శిష్యరికం చేసి, ఆయన ద్వారా జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతాన్ని తెలుసుకుని, 1876లో జర్మనీలోని బైరాయిట్‌కు వెళ్లి వాగ్నర్ సంగీత నాటకచతుష్టయాన్ని చూసి వచ్చాడు. 1880లో గ్లాస్టర్ ఉత్సవంలో, షెల్లీ కావ్యంలోని ఘట్టాలకు ఆయన కట్టిన బృందగానం వినిపించిన రోజునే ఆంగ్ల సంగీతానికి కొత్త శకం మొదలైందని తరువాతి చరిత్రకారులు కొందరు రాశారు. ఛార్లెస్ నివాసమైన హైగ్రోవ్ కూడా అదే గ్లాస్టర్‌షైర్‌లో ఉంది కనుక, ఆయన అభిమానంలో పొరుగువారి మీద ఉండే మమకారం కూడా కొంత ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది.

కృష్ణాతీరం:

ఇద్దరూ చక్కగా రాశారు. అయినా నాకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాచుకోకుండా చెబుతాను. ప్యారీ ఒక్క బాణీకి కుదించుకుపోయాడని ఛార్లెస్ బాధపడుతున్నారు, మరి ఆ కుదింపులో రాజకుటుంబపు పాత్ర ఎంత? 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి 'ఐ వాజ్ గ్లాడ్' రాయించుకున్నారు. 1911లో ఐదవ జార్జ్ పట్టాభిషేకానికి అదే గీతాన్ని ప్యారీ తిరగరాశారు. తరువాత 1937లోను, 1953లోను, 2023లోను దాన్నే వినిపించారు. 2011 ఏప్రిల్ 29న ఛార్లెస్ కొడుకు విలియం పెళ్లిలో వధువు నడిచి వస్తుంటే అదే పాడారు, అదే పెళ్లిలో 'జెరూసలెం' కూడా పాడారు. కార్యక్రమం ప్రసారమైంది ఆ పెళ్లి జరిగిన నెలలోపే. ఇలా నూరేళ్లకు పైగా ఒక స్వరకర్తను ఎర్రతివాచీ పక్కనే నిలబెట్టినప్పుడు, జనం ఆయనను రాచవేడుకల సంగీతకారుడిగానే గుర్తుపెట్టుకోవడంలో వారి తప్పేముంది? ఆయన సింఫనీలను కచేరీ మందిరాల నిర్వాహకులు పక్కన పెట్టడానికి ఈ ముద్ర కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

లండన్‌తెలుగు:

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైంది. కానీ ఆ గీతాన్ని లోపలి నుంచి చూసినదాన్నిగా ఒక మాట చెప్పనివ్వండి. నేను మా పేటలోని ఔత్సాహిక గాయనీగాయకుల బృందంలో ఆల్టో, అంటే స్త్రీల కింది స్థాయి గొంతుల వరుసలో పాడతాను. 'ఐ వాజ్ గ్లాడ్' అభ్యాసం చేసేటప్పుడు మొదట అందరినీ ఆకట్టుకునేది ఆరంభంలోని ఇత్తడి వాద్యాల ఘోషే. దాని తరువాత మొదటి మూడు మాటలకే గాయకులందరూ ఒక్కసారిగా లేచి నిలబడినట్టు వినిపించే ఆ పిలుపు గొంతులో పడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ గీతం నడుమ, రాజును కీర్తించే లాటిన్ జయజయధ్వానాలు ముగిశాక, జెరూసలెం నగరపు శాంతి కోసం ప్రార్థించే భాగం వస్తుంది. అక్కడ వాద్యాలన్నీ తగ్గిపోయి, కొద్దిమంది గొంతులు మాత్రమే మిగులుతాయి. మా బృందంలో ఆ భాగం నిలకడగా పాడడానికే ఎక్కువ కష్టపడ్డాం, ఎందుకంటే అక్కడ స్వరం ఏమాత్రం బరువెక్కినా ప్రార్థన కాస్తా ప్రదర్శన అయిపోతుంది. రాచఠీవి నడిమధ్య అంత వినయాన్ని ఇమడ్చగలిగినవాడిని కేవలం వేడుకల స్వరకర్త అనడం నాకు మనస్కరించదు.

చెప్పవలసిన మరో సంగతి ఉంది. 1902 పట్టాభిషేకంలో ఆ గీతానికి తొలి ప్రదర్శనే తడబడింది. సంగీత నిర్వహణ బాధ్యత చూసిన ఫ్రెడరిక్ బ్రిడ్జ్ సమయాన్ని సరిగా అంచనా వేయలేకపోవడంతో, రాజు పట్టాభిషేకం జరిగే వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలోకి అడుగుపెట్టకముందే గీతమంతా పాడడం అయిపోయింది. ఆర్గన్ మీద వాల్టర్ ఆల్కాక్ అప్పటికప్పుడు మనోధర్మంతో వాయిస్తూ ఖాళీని నింపితే, రాజు వచ్చాక గీతాన్ని మళ్లీ పాడారు. రాచవేడుకకు సంగీతం కట్టడం అంటే నడిచేవారి అడుగులను, ఆగే చోట్లను, జయధ్వానాల వేళను లెక్కపెట్టుకుంటూ స్వరాలు పేర్చడమే. అది చిన్న పనితనం కాదు.

స్వరసాధన:

నేను పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి వాద్యసంగీతం వైపు నుంచి మాట్లాడతాను. ఆ కార్యక్రమం చేసిన అతి పెద్ద మేలు ప్యారీ ఐదవ సింఫనీని సామాన్య ప్రేక్షకుల చెవిన వేయడమే. 1912లో పూర్తిచేసి, అదే సంవత్సరం డిసెంబరులో లండన్‌లోని క్వీన్స్ హాల్‌లో ఆయనే స్వయంగా నిర్వహించిన ఈ రచనలో నాలుగు భాగాలూ ఆగకుండా ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు ఒత్తిడి, ప్రేమ, ఆట, ఇప్పుడు అనే అర్థాలనిస్తాయి. మొదటి భాగంలో తక్కువ స్థాయి తంత్రీవాద్యాల మీద దిగులుగా వినిపించిన చిన్న స్వరగుచ్ఛాలు ముందు ముందు రూపం మార్చుకుంటూ, చివరి భాగంలో వెలుతురు నింపుకుని తిరిగివస్తాయి. వాగ్నర్, లిస్ట్ రచనల నుంచి నేర్చిన ఈ పద్ధతిని జర్మన్ స్వరకర్త బ్రామ్స్ లాంటి గట్టి నిర్మాణంలో కూర్చగలగడం ప్యారీ సాధించిన విషయం. అప్పటికి ఆయన వయసు అరవై నాలుగు, గుండెజబ్బు ఎన్నో ఏళ్లుగా వేధిస్తోంది, కళాశాల పాలనా భారం నెత్తిన ఉంది. దాని తరువాత ఆయన మరో సింఫనీ రాయలేదు.

ప్యారీ కీర్తి తగ్గడానికి రాజముద్ర కారణమని కృష్ణాతీరం గారు అన్నారు. నా దృష్టిలో అంతకన్నా బలమైన కారణాలు వేరే ఉన్నాయి. 1890లలో బెర్నార్డ్ షా సంగీత విమర్శకుడిగా ఉన్నప్పుడు ప్యారీ రాసిన 'జోబ్' అనే బృందగాన రచనను నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడారు. ఆ తరువాత ఎల్గార్ అనే మరో ఆంగ్ల స్వరకర్త వచ్చి వాద్యబృందపు రంగులతో అందరినీ ముంచెత్తారు, ఆ వెలుగులో ప్యారీ రచనలు బూడిదరంగుగా కనిపించాయి. అయితే ఆ ఎల్గారే ప్యారీని ఇంగ్లండ్ సంగీతానికి పెద్దదిక్కుగా బహిరంగ ఉపన్యాసంలో కొనియాడారని మరచిపోకూడదు. వాన్ విలియమ్స్ తన గురువుల్లో అందరికన్నా ఎక్కువగా గౌరవించింది కూడా ప్యారీనే.

చరిత్రపుటలు:

ఇక్కడ 'జెరూసలెం' పుట్టుక గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రాజాదరణ చర్చకు అదే కీలకం. 1916 మార్చిలో, యుద్ధం నడుమ జనంలో స్థైర్యం నింపేందుకు ఏర్పడిన 'ఫైట్ ఫర్ రైట్' అనే ఉద్యమం సభ కోసం, విలియం బ్లేక్ పద్యానికి బాణీ కట్టమని ఆస్థాన కవి రాబర్ట్ బ్రిడ్జెస్ ప్యారీని అడిగారు. ప్యారీ ఆ బాణీని రాసి తన శిష్యుడు వాల్ఫర్డ్ డేవిస్ చేతికిచ్చారు. ఆ సందర్భాన్ని డేవిస్ తరువాత గుర్తుచేసుకున్నారు. ఇద్దరూ కలిసి ఆ కాగితాన్ని చూస్తుండగా, రెండవ చరణంలో మేఘాలను విచ్చుకొమ్మని పిలిచే చోట లయ కాస్త విరిగే స్వరం ఉంది, మాట్లాడుతున్న ప్యారీ అక్కడికి రాగానే మాట ఆపి, ఆ స్వరం మీద వేలు పెట్టారట. తాను చేసినదాంట్లో తనకు నచ్చిందేమిటో ఆయన అంతకుమించి చెప్పలేదు.

అయితే ఆ ఉద్యమం నానాటికీ యుద్ధోన్మాదం వైపు మొగ్గడం చూసి ఆయన మనసు విరిగింది. జర్మన్ స్వరకర్త బాక్ మీద గ్రంథం రాసినవాడు, బ్రామ్స్‌ను ఆరాధించినవాడు, జర్మన్ సంగీతమే తన ఊపిరి అనుకున్నవాడు జర్మన్ జాతి మీద ద్వేషాన్ని ఎలా భరిస్తాడు? 1917 మేలో ఆ ఉద్యమానికి తన మద్దతును ఉపసంహరించుకున్నారు. ఆ దశలో మహిళలకు ఓటుహక్కు కోసం పోరాడుతున్నవారు ఆ గీతాన్ని తమకివ్వమని అడిగితే సంతోషంగా ఒప్పుకుని, 1918 మార్చిలో వారి సభ కోసం ఏర్పాటు చేశారు. అది మహిళా ఓటర్ల గీతం కావాలన్న ఉద్యమ నాయకురాలు మిలిసెంట్ ఫాసెట్ కోరికను మన్నించి, హక్కులను కూడా ఓటుహక్కు సంఘానికే అప్పగించారు. సంఘం రద్దయ్యాక 1928లో ఆ హక్కులు మహిళా సంస్థల సమాఖ్యకు చేరాయి. ప్యారీ భార్య మాడ్ కూడా ఓటుహక్కు ఉద్యమంలో చురుకుగా ఉన్నవారే.

తెలుగునేలకు దగ్గరైన ఒక సంగతి ఇక్కడే గుర్తొస్తుంది. ఆ 1918 సభ జరిగిన ఏడాది తిరగకముందే, 1919 ఫిబ్రవరిలో, ఓటుహక్కు ఉద్యమంలో జైలుకు వెళ్లివచ్చిన ఐరిష్ మహిళ, సంగీత పట్టభద్రురాలు మార్గరెట్ కజిన్స్, మన మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో రవీంద్రుడు పాడిన 'జనగణమన'కు స్వరలిపి రాశారు. రెండు దేశాల్లో జనం గుండెల్లో నిలిచిన రెండు గీతాల కథల్లోనూ ఓటుహక్కు ఉద్యమకారిణులు ఉండడం నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

కృష్ణాతీరం:

చరిత్రపుటలు గారు చెప్పిన కథే నా వాదనకు బలం. యుద్ధోన్మాదం నుంచి తన గీతాన్ని వెనక్కి తీసుకుని, ఓటుహక్కు అడుగుతున్న స్త్రీల చేతుల్లో పెట్టినవాడు ప్యారీ. రాజకుమారుడి పెళ్లిలో ఆ గీతం మోగినప్పుడు, ప్రపంచమంతటా టీవీల ముందు కూర్చున్న కోట్లమందిలో ఆ సంగతి ఎంతమందికి తట్టింది? వేడుక అనేది గీతాన్ని అందంగా తుడిచి, దాని చరిత్రను బయటే ఉంచి లోపలికి తీసుకువెళ్తుంది. ఛార్లెస్ చేసిన కార్యక్రమంలో ప్యారీలోని ఉదారవాదిని, సంప్రదాయ మతవిశ్వాసాలను కాదని తండ్రికి ఎదురుతిరిగిన కొడుకును చూపించారంటే దానికి నేను మనస్ఫూర్తిగా అభినందనలు తెలుపుతాను. నా అభ్యంతరం ఆ కార్యక్రమం మీద కాదు, దాని ముందూ వెనకా నడిచిన నూరేళ్ల అలవాటు మీద.

నాదలోలుడు:

కృష్ణాతీరం గారి మాటల్లో పస ఉంది. అయినా ఆస్థానం వేరు, ఆస్థానాధిపతిగా ఉన్న మనిషికి ఉండే సొంత రుచి వేరు అని నేను విడదీసి చూస్తాను. మన దక్షిణాదిలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. మైసూరు మహారాజు జయచామరాజ వడయార్ స్వయంగా కర్ణాటక కృతులు రచించిన వాగ్గేయకారుడు. అయినా లండన్‌లో పేదరికంలోను, అనారోగ్యంలోను ఉన్న రష్యన్ స్వరకర్త నికొలాయ్ మెట్నర్ సంగీతం మీద ప్రేమతో, 1940ల చివరలో ఆయన రచనలను రికార్డు చేయించడానికి తన డబ్బు ఖర్చుపెట్టారు. మెట్నర్ తన మూడవ పియానో కాన్చెర్టోను ఆ మహారాజుకే అంకితం చేశారు. ఆ రికార్డులే లేకపోతే, స్వరకర్త స్వయంగా వాయించిన ఆ కాన్చెర్టోలు ఈనాడు మనకు వినే భాగ్యం ఉండేది కాదు. అందులో మైసూరు సింహాసనానికి ఒరిగిందేమీ లేదు. వడయార్ చెవికి నచ్చింది, చేతిలో సాధనం ఉంది, చేశారు, అంతే.

ఛార్లెస్ చేతిలో ఉన్న సాధనం టీవీ కెమెరాలను తన వెంట నడిపించుకోగల పలుకుబడి. ఆయన దాన్ని ప్యారీ కోసం వాడారు. పైగా ఇందులో వంశపు బాకీ తీర్చడం కూడా ఉందని నేననుకుంటాను. ఛార్లెస్‌కు ముత్తాత తండ్రి అయిన ఏడవ ఎడ్వర్డ్, యువరాజుగా ఉన్నప్పుడు పూనుకోబట్టే 1883లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ ఏర్పడింది. ఆ సంస్థను నిలబెట్టడానికి ప్యారీ తన స్వరరచనకు దక్కాల్సిన సమయాన్నంతా ధారపోశారు. హోల్స్ట్, వాన్ విలియమ్స్, జాన్ ఐర్లండ్, ఫ్రాంక్ బ్రిడ్జ్ వంటివారు ఆ కళాశాల నుంచి వచ్చారు. ఋగ్వేద సూక్తాలకు, సావిత్రి కథకు సంగీతం కట్టిన హోల్స్ట్ కూడా అక్కడి విద్యార్థే అని మనం గుర్తుంచుకోవాలి.

ఓరుగల్లు పాఠకుడు:

చర్చ అంతా శ్రద్ధగా చదివాను. నాకు కర్ణాటక సంగీతం కొంత పరిచయం, పాశ్చాత్య సంగీతంలో మాత్రం ఓనమాలే. ఇన్ని గొంతులు ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడుతుంటే ఏది పట్టుకుని వినాలో తెలియక తికమకపడతాను. ప్యారీని ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు దయచేసి చెప్పగలరా?

స్వరసాధన:

ఓరుగల్లు పాఠకుడు గారూ, మీరు 'జెరూసలెం'తోనే మొదలుపెట్టండి. అందులో అందరూ ఒకే బాణీ పాడతారు కనుక మీకు ఇబ్బంది ఉండదు. మొదటి చరణం ఒంటి గొంతు, రెండవ చరణం అందరూ కలిసి పాడాలన్నది ప్యారీ మొదటి ఉద్దేశం. ఆ తరువాత మిల్టన్ పద్యానికి ఆయన 1887లో కట్టిన 'బ్లెస్ట్ పెయిర్ ఆఫ్ సైరెన్స్' వినండి. విలియం పెళ్లిలో వధూవరులు రిజిస్టరులో సంతకాలు చేసే వేళ దాన్నే పాడారు. వాద్యసంగీతంలో 'బ్రామ్స్ స్మృతిగీతం' నాకు ప్రాణం. బ్రామ్స్ మరణించిన 1897లోనే రాసిన ఆ రచనను ప్యారీ తన జీవితకాలంలో కచేరీలో వినలేకపోయారు. 1918 నవంబరు 9న ఆయన సంస్మరణ సభలోనే సాటి స్వరకర్త స్టాన్‌ఫర్డ్ నిర్వహణలో మొదటిసారి వినిపించారు. ఐదవ సింఫనీకి వాద్యబృంద నిర్వాహకుడు ఏడ్రియన్ బౌల్ట్ 1978లో చేసిన రికార్డింగు ఉంది, ఆ మహానుభావుడు స్టూడియోలో చేసిన చివరి పని అదే. ఐదు సింఫనీలూ కావాలంటే మతియాస్ బామర్ట్ రికార్డులు దొరుకుతాయి.

చివరగా 'సాంగ్స్ ఆఫ్ ఫేర్‌వెల్' వినండి. వాద్యాలు ఏవీ లేకుండా కేవలం గొంతులతో పాడే ఆరు గీతాలు ఇవి. యుద్ధంలో తన విద్యార్థులు ఒకరొకరే నేలకూలుతుంటే, తన ఆయువు కూడా దగ్గరపడిందని తెలిసిన మనిషి రాసినవి. మీరు అన్న తికమక ఇక్కడ కలగదు, ఎందుకంటే మొదటి రెండు గీతాలు నాలుగు గొంతుల వరుసలతోనే నడుస్తాయి. ఆ తరువాత ఐదు, ఆరు, ఏడు అని ఒక్కొక్క వరుస చేరుతూ, చివరి గీతంలో ఎనిమిది వరుసలతో రెండు బృందాలు ఎదురెదురుగా నిలిచి పాడతాయి. వరుసగా వింటే మీ చెవి దానంతటదే పట్టు సాధిస్తుంది.

లండన్‌తెలుగు:

స్వరసాధన గారు చెప్పిన ఆరు గీతాల్లో మొదటిది, హెన్రీ వాన్ పద్యానికి కట్టినది, 2022 సెప్టెంబరు 19న ఎలిజబెత్ రాణి అంత్యక్రియల్లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పాడారు. కృష్ణాతీరం గారు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి. అక్కడ ఇత్తడి వాద్యాల ఘోష లేదు, జయధ్వానాలు లేవు. స్పానిష్ ఫ్లూ బారినపడి 1918 అక్టోబరు 7న రస్టింగ్టన్‌లో కన్నుమూసిన ఒక పెద్దాయన, బతుకు చివరి రోజుల్లో రాసుకున్న శాంతిగీతాన్ని ఆ రోజు లోకమంతా విన్నది. రాచవేడుక వల్లనే అది సాధ్యమైంది.

కృష్ణాతీరం:

అది నిజమే, ఆ రోజు నేనూ విన్నాను, కదిలిపోయాను. కానీ లండన్‌తెలుగు గారూ, రాణి పోతేనో రాజు సింహాసనం ఎక్కితేనో తప్ప ప్యారీ వినిపించని పరిస్థితి ఉండకూడదన్నదే నా తపన. 2018లో ఆయన శతవర్ధంతికి లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవంలో ఐదవ సింఫనీ వాయించారు, ఆ తరువాత మళ్లీ సద్దుమణిగిపోయింది. ఛార్లెస్ ఇప్పుడు రాజు. ఆయన ఆ కార్యక్రమంలో చూపిన ప్రేమను పట్టుకుని వాద్యబృందాలు ముందుకు రావాలి, పుట్టినరోజు, వర్ధంతి, పట్టాభిషేకం అనే సాకులు అక్కర్లేకుండా, మామూలు కచేరీల్లో బ్రామ్స్ పక్కన, ఎల్గార్ పక్కన ఈ ఐదు సింఫనీలను వేయాలి. ఈ వారాంతంలో నేను మూడవ సింఫనీతో మొదలుపెట్టి వరుసగా వినబోతున్నాను. స్వరసాధన గారు వీలు చేసుకుని ఒక్కొక్క భాగం నిర్మాణం గురించి ఇక్కడే రాస్తే, మాలాంటివారికి ఎంతో ఉపకారం చేసినవారవుతారు.